పాత ఏరియల్‌కు కొత్త ఉద్యోగం

విశాఖపట్నానికి నైరుతి దిక్కున, సుమారు 25 కిలోమీటర్ల దూరంలో పరవాడ ఉన్నది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాకు చెందిన ఊరు ఇది. ఒకవైపు 2002లో విద్యుదుత్పత్తి ప్రారంభించిన సింహాద్రి థర్మల్ కేంద్రపు పొగగొట్టాలు, మరొకవైపు ముత్యాలమ్మపాలెం వంటి మత్స్యకార గ్రామాలు. ఇట్టి ఊళ్ళలో పాత డాబాల మీద చూస్తే ఇప్పటికీ అక్కడక్కడ చేపముల్లు ఆకారంలో అల్యూమినియం చట్రాలు నిలిచి ఉంటాయి. కొన్ని వంగిపోయినవి, కొన్నింటికి తీగ తెగిపోయినది, మరికొన్ని కాకులు వాలడానికి మాత్రమే ఉపయోగపడుతున్నవి. ఒకప్పుడు దూరదర్శన్ బొమ్మను ఇంటిలోనికి తెచ్చిన ఏరియళ్ళు ఇవే.

పాత సామానువానికి తూకానికి వేయవలసిన వస్తువులేనా ఇవి? విజ్ఞాన చరిత్ర చెప్పే సమాధానం వేరు. ఒక పనికి కట్టిన ఏరియల్ మరొక పనికి వినియోగపడి, కొన్నిసార్లు మొదటి పనికన్న గొప్ప పని చేసిన సందర్భాలు అనేకం కలవు. ఆ కథను, ఆ కథ వెనుకనున్న భౌతికశాస్త్రాన్ని, ఇవాళ ఒక ఉన్నత పాఠశాల ఆ పాత చట్రంతో ఏమి చేయవచ్చునో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

మొదట విన్నది ఉరుమునే

విద్యుదయస్కాంత తరంగాలు ఉండి తీరాలని 1860ల్లో మాక్స్‌వెల్ గణితం ద్వారా చెప్పాడు. వాటిని ప్రయోగశాలలో పుట్టించి, పట్టి చూపినవాడు జర్మనీ శాస్త్రజ్ఞుడు హెర్ట్జ్. 1887–88 సంవత్సరాలలో అతడు వాడిన పరికరం బహు సామాన్యమైనది. రెండు లోహపు కడ్డీలు, మధ్య చిన్న ఖాళీ. ఆ ఖాళీలో నిప్పురవ్వ ఎగిరినప్పుడు తరంగాలు వెలువడినవి. కొంత దూరంలో ఉంచిన తీగచుట్టు ఖాళీలో చిన్న రవ్వ మెరిసినది. ఈ రెండు కడ్డీల అమరికనే నేటికీ డైపోల్ అంటాము. మన డాబా మీది చేపముల్లుకు మూలపురుషుడు ఇదే.

ఎత్తున తీగ కట్టి ఆకాశం నుండి వచ్చే తరంగాలను పట్టిన తొలి ప్రయత్నాలలో రష్యా దేశస్థుడైన పొపోవ్‌ది ఒకటి. 1895లో అతడు తయారుచేసిన పరికరం ఉరుములను కనిపెట్టేది. మెరుపు మెరిసినప్పుడు పుట్టే విద్యుత్ తరంగం తీగను తాకగానే లోపల గంట మోగేది. అనగా ఏరియల్ తొలినాళ్ళలో చేసిన ఉద్యోగం సంగీతం వినిపించడం కాదు, గాలివాన జాడ చెప్పడం. అదే సంవత్సరం కలకత్తాలో జగదీశ చంద్ర బోసు అతి చిన్న తరంగాలను పుట్టించి, గోడల గుండా పంపి, దూరాన గంట మోగించాడు.

మార్కోని చేతిలో తీగ పొడవు పెరిగినది, ఎత్తు పెరిగినది. 1901 డిసెంబరు 12న అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవలి నుండి వచ్చిన సంకేతాన్ని న్యూఫౌండ్లాండ్‌లో పట్టడానికి అతడు వాడినది గాలిపటానికి కట్టి ఎగురవేసిన సుమారు 150 మీటర్ల తీగ. ఆ రోజులలో తరంగాలు చాల పొడవైనవి, కాబట్టి తీగ కూడా అంతే పొడవుండవలసి వచ్చినది.

తరంగాల పొడవు తగ్గిన కొలది ఏరియల్ కూడా చిన్నదై, దానికి దిక్కు చూపే శక్తి అబ్బినది. 1926లో జపాన్‌లోని తోహోకు విశ్వవిద్యాలయానికి చెందిన యాగీ, ఉదా అనువారు ఒక డైపోల్‌కు వెనుక కొంచెం పొడవైన కడ్డీని, ముందు కొంచెం పొట్టివైన కడ్డీలను వరుసగా పెట్టి చూశారు. వెనుక కడ్డీ అద్దంవలె తరంగాన్ని తిప్పికొట్టుతుంది, ముందు కడ్డీలు దానిని ఒకే దిశకు నడిపిస్తాయి. విద్యుత్ తీగ తగిలించేది మధ్యనున్న ఒక్క డైపోల్‌కు మాత్రమే, తక్కిన కడ్డీలకు దేనితోను సంబంధం ఉండదు. ఇదే మన చేపముల్లు ఏరియల్. సొంత దేశంలో దీనిని మొదట ఎక్కువ మంది పట్టించుకోలేదు. 1942లో సింగపూరు జపాన్ సేనల వశమైనప్పుడు అక్కడ దొరికిన బ్రిటిష్ రాడార్ కాగితాలలో యాగీ అనే మాట పదేపదే కనిపించినది. దాని అర్థమేమని బందీని అడిగితే, అది మీ దేశపు ఆచార్యుని పేరేనని అతడు చెప్పినాడట. ఆ ఏడే ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినవి.

ఒకందుకు కట్టి మరొకందుకు వాడి

ఇక అసలు కథకు వద్దాం. 1930 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాల వారు సముద్రాల మీదుగా రేడియో టెలిఫోన్ నడుపుతుండేవారు. మాటల మధ్య గరగరలు ఎక్కడి నుండి వస్తున్నవో కనుక్కొనే పని కార్ల్ జాన్‌స్కీ అనే యువ ఇంజనీరుకు అప్పగించారు. అతడు పాత ఫోర్డు మోటారు చక్రాల మీద తిరిగే పెద్ద ఏరియల్ ఒకటి కట్టి, 20.5 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద విన్నాడు. దగ్గరి ఉరుముల చప్పుడు ఒకటి, దూరపు ఉరుముల చప్పుడు ఒకటి, ఈ రెండింటికీ చెందని సన్నని బుస ఒకటి వినిపించినవి. ఆ బుస ప్రతి 23 గంటల 56 నిమిషాలకు ఒకసారి హెచ్చుతున్నది. ఇది సూర్యుని దినం కాదు, నక్షత్ర దినం. ఆ ధ్వని మన పాలపుంత నుండి వస్తున్నదని 1933లో అతడు ప్రకటించాడు. టెలిఫోన్ గరగరల కోసం కట్టిన ఏరియల్ రేడియో ఖగోళశాస్త్రానికి తొలి పరికరమైనది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత జర్మన్ సేనలు వదలి వెళ్ళిన వూర్ట్స్‌బర్గ్ రాడార్ పళ్ళేలు ఐరోపాలో అక్కడక్కడ మిగిలిపోయినవి. ఒక్కొక్కటి 7.5 మీటర్ల వ్యాసం గలది. విమానాలను వేటాడడానికి చేసిన అట్టి పళ్ళెం ఒకదానిని హాలండు శాస్త్రజ్ఞులు కోట్‌విక్ అనేచోట ఆకాశం వైపు తిప్పారు. హైడ్రోజన్ పరమాణువుల నుండి వచ్చే 21 సెంటిమీటర్ల తరంగాన్ని 1951లో దానితో పట్టారు. అదే సంవత్సరం కొద్ది వారాల ముందు అమెరికాలో ఈవెన్, పర్సెల్ అనువారు దానిని మొదట కనుగొన్నారు. పాలపుంత చేతుల పటం గీయడానికి ఆ యుద్ధపు పళ్ళెం తోడ్పడినది.

మన దేశంలో కూడ ఇట్టిది జరిగినది. ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర పాట్స్‌హిల్ అనేచోట సూర్యుని పరిశీలించడానికి 1.8 మీటర్ల పళ్ళేలు 32 వాడి, పని ముగిసిన తరువాత పక్కన పెట్టారు. గోవింద్ స్వరూప్ ప్రయత్నం వల్ల అవి భారతదేశానికి బహుమతిగా వచ్చినవి. టాటా పరిశోధన సంస్థ వారు 1965లో బొంబాయి సమీపంలోని కళ్యాణ్‌లో వాటిని నిలబెట్టారు. దేశంలో రేడియో ఖగోళశాస్త్రం ఆ సెకండ్‌హాండ్ సామానుతోనే మొదలైనదంటే అతిశయోక్తి కాదు. తరువాత వచ్చిన ఊటీ దూరదర్శిని, పూనా వద్ద గల మహా దూరదర్శిని ఆ అనుభవం మీద లేచినవే.

అన్నింటికంటె ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికాలోని హోల్మ్‌డెల్‌లో ఉన్నది. 1959లో అక్కడ కొమ్ము ఆకారంలో ఒక ఏరియల్ కట్టారు. ఎకో అనే బెలూన్ ఉపగ్రహం నుండి పరావర్తనం చెందివచ్చే బలహీన సంకేతాలను వినడం దాని పని. ఆ పని తీరిన తరువాత పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు దానిని ఖగోళ పరిశోధనకు తీసుకున్నారు. ఏ దిక్కుకు తిప్పినా తగ్గని ఒక సన్నని రొద వారిని వేధించినది. లోపల గూడు పెట్టిన పావురాలను తోలి, రెట్టలు కడిగి చూశారు. అయినా రొద పోలేదు. చివరకు అది విశ్వం పుట్టిన తొలి దశలో మిగిలిన వేడి అని 1965లో తేలినది. 1978లో వారికి నోబెల్ బహుమతి వచ్చినది.

ఈ కథలన్నింటిలో ఒక సామాన్య సూత్రం ఉన్నది. ఏరియల్‌కు తాను ఎవరి మాట వింటున్నదో తెలియదు. తన కొలతలకు సరిపడిన తరంగం తాకితే చాలు, దానిలో విద్యుత్తు కదులుతుంది. ఆ తరంగం టెలిఫోన్‌దా, శత్రు విమానానిదా, నక్షత్రానిదా అనేది మనం తీగ చివర తగిలించే పరికరం నిర్ణయిస్తుంది.

తెలుగు నేల మీద ఏరియల్

1924లో మద్రాసులో రేడియో క్లబ్బు ఏర్పడి ప్రసారాలు చేసినది. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం 1935లో దక్కన్ రేడియోను నడుపసాగినది. 1938 జూన్‌లో ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం, 1963లో విశాఖపట్నం కేంద్రం ప్రారంభమైనవి. ఆ రోజుల వాల్వు రేడియోకు ఇంటి మీద రెండు వెదురుబొంగుల నడుమ రాగితీగ కట్టవలసి ఉండేది. తీగ రెండు చివరల పింగాణీ గుండ్లు, కిందికి దింపిన తీగ, భూమిలో పాతిన ఎర్తు కడ్డీ, వేసవిలో ఆ ఎర్తుకు పోసే నీళ్ళు, ఇవన్నీ పెద్దలకు జ్ఞాపకమే. రేడియో ఉన్నవారు ఏటా పోస్టాఫీసులో రుసుం కట్టి లైసెన్సు పుస్తకం మీద స్టాంపులు అంటించుకొనేవారు. సొంత రేడియో కొనలేనివారికి పంచాయతీ రేడియో ఉండేది. సాయంకాలం ఊరందరూ దాని చుట్టూ చేరి వార్తలు, వ్యవసాయదారుల కార్యక్రమం వినేవారు.

ట్రాన్సిస్టర్ రేడియో వచ్చిన తరువాత ఈ తీగ మాయమైనది. దానిలోపల నల్లని ఫెరైట్ కడ్డీకి చుట్టిన తీగే ఏరియల్. వెదురుబొంగులు పందిళ్ళకు, రాగితీగ బట్టలు ఆరవేయడానికి పోయినవి.

ఏరియళ్ళను గూర్చిన పరిశోధన కూడా మన ప్రాంతంలో సాగినది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య బి. రామచంద్రరావుగారు, వారి శిష్యులు 1950లలోను, 60లలోను అయనోస్ఫియర్ అనబడే అయాన్ల పొరను పరిశీలించారు. పైకి పంపిన రేడియో తరంగం ఆ పొర మీద పడి తిరిగివస్తుంది. త్రికోణపు మూడు మూలల వలె కొంచెం దూరదూరంగా అమర్చిన మూడు ఏరియళ్ళతో ఆ ప్రతిధ్వనిని వింటే, దాని హెచ్చుతగ్గులు మూడింటిలో ఒకేసారి రావు. ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఆ కాలభేదాన్ని కొలిచి, వందకు పైగా కిలోమీటర్ల ఎత్తున ఆ పొర ఏ దిశకు, ఎంత వేగంతో కదులుతున్నదో లెక్కకట్టవచ్చు. తరువాత 1990లలో తిరుపతి సమీపంలోని గాదంకిలో 1024 యాగీ ఏరియళ్ళతో 53 మెగాహెర్ట్జ్ రాడార్ నెలకొన్నది. ఇంటి డాబా మీది చేపముల్లుకు అవి దగ్గరి చుట్టాలే.

టెలివిజన్ కథ 1975 ఆగస్టు 1న మొదలైనది. ఒక సంవత్సరంపాటు ఏ.టి.ఎస్.–6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు విద్యా కార్యక్రమాలు ప్రసారం చేశారు. ఆ రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. గ్రామంలో నిలిపిన ఏరియల్ మూడు మీటర్ల గొడుగు. దానిని కోళ్ళగూటికి వాడే జల్లెడ తీగతో చేశారు. తరంగదైర్ఘ్యంతో పోల్చితే జల్లెడ కన్ను చాల చిన్నది కాబట్టి తరంగానికి అది అద్దం వలెనే ఉంటుంది. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చినది. 1980లలో చిన్న ప్రసారిణులు జిల్లాలకు వ్యాపించినవి. అప్పుడు డాబాల మీద చేపముల్లు అడవి వలె మొలిచినది. 1990ల నుండి కేబుల్, పిదప డిష్ వచ్చి దానిని పనిలేనిదిగా చేసినవి. 2022 నాటికి దూరదర్శన్ పాతరకపు భూతల ప్రసారాలు దాదాపు అన్నిచోట్ల ఆగిపోయినవి.

స్కానర్ అనగా ఏమి?

సామాన్య రేడియో ఒక కేంద్రం మీద నిలిచి వింటుంది. స్కానర్ అనేక పౌనఃపున్యాలను ఒకదాని తరువాత ఒకటి చకచక వెదకుతూ, ఎక్కడ సంకేతం ఉంటే అక్కడ ఆగే గ్రాహకం. 1960ల చివర, 70లలో అమెరికాలో ఇవి ప్రచారంలోనికి వచ్చినవి. తొలి స్కానర్లలో ప్రతి పౌనఃపున్యానికి ఒక క్వార్ట్జ్ స్ఫటికం కొని అమర్చవలసి ఉండేది.

2012లో ఒక విచిత్రం వెల్లడైనది. కంప్యూటర్‌లో టెలివిజన్ చూడడానికి చేసిన అగ్గిపెట్టె అంత పరికరం ఒకటి ఐరోపాలో అమ్ముడవుతుండేది. అందులోని రియల్‌టెక్ చిప్, ఏరియల్ నుండి వచ్చే సంకేతాన్ని విడమరచకుండా అంకెల రూపంలో యథాతథంగా కంప్యూటర్‌కు ఇవ్వగలదని కొందరు కనుగొన్నారు. ఆ అంకెలను వినదగిన ధ్వనిగానో, బొమ్మగానో మార్చే పని ప్రోగ్రాం చేస్తుంది. ఇటువంటి పరికరాలు సుమారు 24 నుండి 1700 మెగాహెర్ట్జ్ వరకు వినగలవు. టెలివిజన్ కోసం చేసిన గ్రాహకం ఆ విధంగా చౌకధర స్కానర్ అయినది. దానితో వచ్చే జానెడు ఏరియల్ మాత్రం చాలదు. అప్పుడు జ్ఞాపకం వచ్చేది డాబా మీద ఖాళీగా నిలిచియున్న టెలివిజన్ ఏరియల్.

కొలతల లెక్క

పాత ఏరియల్‌ను కొత్త పనికి పెట్టే ముందు నాలుగు విషయాలు చూడాలి. ఇవి భౌతికశాస్త్రపు తరగతిలో బోధించే తరంగాల పాఠానికి చక్కని ఉదాహరణలు.

మొదటిది పొడవు. డైపోల్ అర తరంగదైర్ఘ్యానికి కొంచెం తక్కువ పొడవున్నప్పుడు అనునాదం చెందుతుంది. మెగాహెర్ట్జ్‌లలో పౌనఃపున్యం తెలిస్తే, 143ను దానితో భాగించగా పొడవు మీటర్లలో వస్తుంది. ఎఫ్.ఎం. రేడియో 102 మెగాహెర్ట్జ్ అనుకొంటే 1.40 మీటర్లు. టెలివిజన్ వారి మూడవ పట్టీ 174 నుండి 230 మెగాహెర్ట్జ్ వరకు. దాని మధ్యనున్న 200 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ పొడవు సుమారు 71 సెంటిమీటర్లు. అది ఎఫ్.ఎం.కు పొట్టిది. మొదటి పట్టీ 47 నుండి 68 మెగాహెర్ట్జ్ వరకు, దాని డైపోల్ రెండు మీటర్లకు పైగా ఉంటుంది. పొడవైన గొట్టాన్ని కోసి తగ్గించడం సులభం, పొట్టిదానిని అతకడం కష్టం. కాబట్టి కోసే ముందు రెండుసార్లు కొలవాలి. యాగీలో అన్ని కడ్డీలను, వాటి మధ్య దూరాలను కూడా అదే నిష్పత్తిలో మార్చాలి. మీడియం వేవ్‌కు ఈ చట్రం పనికిరాదు. అక్కడ తరంగదైర్ఘ్యం వందల మీటర్లు. దానికి మన తాతల పొడవైన తీగే మేలు.

రెండవది ధ్రువణం. టెలివిజన్ ఏరియల్ కడ్డీలు నేలకు సమాంతరంగా ఉంటాయి. ప్రసారిణి కడ్డీ నిలువుగా ఉంటే మన కడ్డీ కూడ నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంచితే సంకేతం వందవ వంతుకు పడిపోవచ్చు. చట్రాన్ని గొట్టం మీద 90 డిగ్రీలు తిప్పి బిగించడమే దీనికి పరిష్కారం. ఖర్చులేని ఈ మార్పు వల్ల కలిగే మేలు ఖరీదైన బూస్టర్ వల్ల కలగదు.

మూడవది అవరోధం పొసగడం. మడత డైపోల్ అవరోధం 300 ఓములు, కేబుల్‌ది 75 ఓములు. నేరుగా కలిపితే నూటికి 36 వంతుల శక్తి వెనుకకు మళ్ళిపోతుంది. మధ్యనుండే చిన్న డబ్బీలోని మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ ఈ నష్టాన్ని తప్పిస్తుంది. అది తుప్పు పట్టి ఉంటే మార్చాలి. ఇక స్కానర్‌కు 50 ఓములు, కేబుల్‌కు 75 ఓములు ఉన్నా దిగులు పడనక్కరలేదు. అక్కడ పోయేది నూటికి 4 వంతులే. ఈ లెక్క విద్యార్థులు చేసి చూడవచ్చు. రెండు అవరోధాల భేదాన్ని వాటి మొత్తంతో భాగించి, వర్గం కడితే చాలు.

నాలుగవది ఎత్తు. ఈ తరంగాలు దాదాపు చూపు మేరకే ప్రయాణిస్తాయి. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం కట్టి 4.12తో హెచ్చిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. 10 మీటర్ల ఎత్తునున్న ఏరియల్‌కు 13 కిలోమీటర్లు, 100 మీటర్ల స్తంభానికి 41 కిలోమీటర్లు. రెండూ కలిపి 54 కిలోమీటర్లు. ఈ లెక్క ప్రకారం అట్టి ఎత్తుగల స్తంభం విశాఖపట్నంలో ఉంటే పరవాడ దాని పరిధిలోనే ఉన్నది. ఐతే మధ్యనున్న కొండలు అడ్డుపడితే ఈ లెక్క తప్పుతుంది. ఏరియల్‌ను ఈశాన్య దిశకు తిప్పి, కొంచెం కొంచెంగా జరుపుతూ వినడమే ఉత్తమ పరీక్ష.

సముద్రతీరపు ఊళ్ళకు మరొక సమస్య ఉన్నది. ఉప్పుగాలికి అల్యూమినియం, రాగి కలిసిన చోట త్వరగా తుప్పు పట్టుతుంది. అతుకులను గరుకు కాగితంతో రుద్ది, మరలు మార్చి, నీరు చొరకుండా టేపు చుట్టాలి. కేబుల్ లోపలి అల్లిక ఆకుపచ్చగా మారితే దానిని పారవేయడమే మంచిది. పాత బూస్టర్ పెట్టెను కూడా విప్పివేయాలి. అది సంకేతంతోపాటు రొదను కూడా పెంచుతుంది. దగ్గరలో బలమైన ఎఫ్.ఎం. ప్రసారిణి ఉంటే, బూస్టర్ వల్ల స్కానర్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

ఉపగ్రహం మాట వినడం

పాఠశాలకు తగిన ప్రయోగం ఒకటి కలదు. టెలివిజన్ పెట్టె మీద పెట్టే కుందేలు చెవుల వంటి ఏరియల్ పాత సామానులో దొరుకుతుంది. దాని రెండు చేతులను 53 సెంటిమీటర్ల చొప్పున చాచి, నడుమ 120 డిగ్రీల కోణం ఉండేట్లు, నేలకు సమాంతరంగా డాబా మీద పెడితే 137 మెగాహెర్ట్జ్‌కు సరిపోతుంది. వాతావరణ ఉపగ్రహాలు అక్కడ బొమ్మలు పంపుతాయి. అమెరికా వారి పాత నోవా ఉపగ్రహాలు ఎన్నో ఏళ్ళు విద్యార్థులకు ఈ పాఠం చెప్పి, 2025లో విరమించినవి. 2023, 2024 సంవత్సరాలలో రష్యా ప్రయోగించిన మెటియోర్ ఉపగ్రహాలు అదే పట్టీలో అంకెల రూపంలో బొమ్మలు పంపేవే. ఉపగ్రహం సుమారు 820 కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా తిరుగుతుంది. దిగంతాన ఉదయించి అస్తమించడానికి పదిహేను నిమిషాలకు మించదు. వచ్చేటప్పుడు పౌనఃపున్యం సుమారు 3 కిలోహెర్ట్జ్ హెచ్చి, పోయేటప్పుడు అంత తగ్గుతుంది. రైలు కూత ఉదాహరణతో చెప్పే డాప్లర్ ఫలితం తెర మీద వంపుగీతగా కంటికి కనిపిస్తుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కూడా అప్పుడప్పుడు 145.8 మెగాహెర్ట్జ్ వద్ద విద్యార్థుల కోసం చిత్రాలు పంపుతుంటుంది.

చట్టం, జాగ్రత్త

స్కానర్ చేతిలో ఉన్నదని అన్నీ వినకూడదు. 1933లో చేసిన భారత వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టం నుండి 2023లో పార్లమెంటు ఆమోదించిన టెలికమ్యూనికేషన్ల చట్టం వరకు, రేడియో పరికరాల మీద ప్రభుత్వ నియంత్రణ ఉన్నది. అందరికోసం చేసే ప్రసారం వేరు, పోలీసు, నౌకాదళం, విమానాల మాటలు వేరు. నౌకాస్థావరం దగ్గరనున్న మన ప్రాంతంలో ఈ భేదం మరింత గుర్తుంచుకోవాలి. ఉపాధ్యాయులు పరికరం కొనడానికి ముందే అమలులో ఉన్న నిబంధనలు కనుక్కోవాలి. మాట్లాడాలని కోరిక గలవారికి అమెచ్యూర్ రేడియో పరీక్ష అనే రాజమార్గం ఉన్నది.

ప్రాణభయం గల జాగ్రత్త మరొకటి. పరవాడ చుట్టుపట్ల విద్యుత్ తీగలు ఎక్కువ. ఏరియల్ గొట్టం వాలినా, ఒరిగినా తీగను అందుకోనంత దూరంలో నిలబెట్టాలి. గొట్టాన్ని ఎర్తు చేయాలి. మబ్బు పట్టినప్పుడు కేబుల్ ఊడదీయాలి. పిల్లలను ఒంటరిగా డాబా ఎక్కనీయరాదు.

తుఫాను వేళ

ఇదంతా వినోదం కోసమేనా? కాదు. 1970లో దేశంలోని మొదటి తుఫాను రాడార్ విశాఖపట్నంలోనే నెలకొన్నది. అయినా హెచ్చరిక పుట్టడం ఒక ఎత్తు, అది గుడిసె దాకా చేరడం మరొక ఎత్తు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సుమారు 10,000 మంది ప్రాణాలు కోల్పోయారు. తీగలు, స్తంభాలు కూలి, జరిగిన ఘోరం బయటి ప్రపంచానికి తెలియడానికే సమయం పట్టినది. 1983లో హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడినది. ఆపదవేళ వైర్‌లెస్ వార్తలు నడపడం ఇట్టి ఔత్సాహికులు నేర్చుకొనే విద్యలలో ముఖ్యమైనది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినది. గాలివేగం గంటకు 180 కిలోమీటర్లు. కరెంటు పోయినది, సెల్‌ఫోన్ స్తంభాలు మూగబోయినవి. చేతిలోని ఫోను అద్దం ముక్కతో సమానమైనది. అట్టి సమయంలో రెండు బ్యాటరీలతో నడిచే రేడియోకు ఉన్న విలువ ఎంతటి యంత్రానికీ లేదు. దూరపు కేంద్రం ఒకటి మిగిలి ఉన్నా దాని మాట వినవచ్చు. ఆ బలహీనమైన మాటను స్పష్టంగా వినిపించేది మంచి ఏరియల్. గాలి తగ్గిన తరువాత ఒక తీగముక్కను కొలిచి, కోసి, ఎత్తున కట్టగలిగిన విద్యార్థి ఊరికి ఒకడున్నా ఆ ఊరు చెవిటిది కాదు. ముత్యాలమ్మపాలెం వంటి పల్లెలో వల సర్దుకొంటున్న మనిషి సముద్రంలోకి పోవాలా, మానాలా అనేది ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉండవచ్చు.

పొపోవ్ తీగ కట్టిన నాడు విన్నది గాలివానను. నూట ముప్పయి ఏళ్ళు గడిచినా తీరప్రాంతానికి ఏరియల్ చేయవలసిన ముఖ్యమైన సేవ అదే. కాబట్టి ఉపాధ్యాయులకు మనవి ఒకటి. పాఠశాల డాబా మీద గాని, పక్కింటి డాబా మీద గాని చేపముల్లు ఒకటి కనిపిస్తే దానిని తూకానికి వేయనీయకండి. దించి, కడిగి, పిల్లల చేత కొలిపించండి. ఏ పౌనఃపున్యానికి కట్టినదో వారినే లెక్కకట్టమనండి. వచ్చే తుఫాను కాలానికి ముందే అది నిలబడి వినడం మొదలుపెట్టాలి.